నాంచారమ్మను నేనే తరిమాను

ముద్ద గొంతు దిగేటప్పుడల్లా ఒక ముసలమ్మ గుర్తొస్తుంది. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఆమెను ఆత్మకూరు నుంచి తరిమింది ఊరని అంటారు. కాదు, నేను.

నేను తోలుబొమ్మలు ఆడించేవాణ్ణి. మా గురువుది ఉదయగిరి. జనాన్ని భయపెట్టడంలో ఆయన్ను మించినవాడు ఈ సీమలోనే లేడు. రాక్షసి రావలసిన చోట మద్దెల ఆపించి, తెరను ఖాళీగా వదిలేసేవాడు. ఆ ఖాళీ తెరను చూసి తల్లులు బిడ్డల్ని హత్తుకునేవాళ్లు. ఆ విద్య నాకూ నేర్పాడు.

అప్పుడు కరువు. ఆత్మకూరులో ఒక పెద్దరైతు పాతరల నిండా జొన్నలు దాచి, గింజ లేదని జనాన్ని తిప్పి పంపేవాడు. మంత్రసాని నాంచారమ్మ ఆ పాతరలు కళ్లారా చూసింది. వీధిలో నిలబడి అందరికీ చెప్పింది. ఆ పెద్దమనిషి మమ్మల్ని పిలిపించి, రాక్షసిని అచ్చం ఆమెలా ఆడించమన్నాడు. గురువు కాదని లేచి వెళ్లిపోయాడు. నేను ఆగిపోయాను. ఆ ఇంట్లోనే జొన్నసంగటి తిన్నాను.

ఆకలికి చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆకలేనా? గురువు ఆట చూసి జనం పెట్టే కేకలు ఒక్కసారైనా నా ఆట చూసి పెట్టాలనే కదా?

మేకతోలుతో బొమ్మ చేశాను. అచ్చం నాంచారమ్మకున్నట్టే వంగిన నడుము, ఈడ్చే కాలు. నోట్లో పసిబిడ్డను పెట్టాను. ఆటలో మద్దెల ఆపించి, తెరను ఖాళీగా ఉంచి, ఆ తర్వాత బొమ్మను కుంటిస్తూ తెచ్చాను. దీపం వైపు జరిపేకొద్దీ నీడ తెరంతా పెరిగింది. "నాంచారే!" అని ఎవరో అరిచారు. వానల్ని మింగిందీ బిడ్డల్ని మింగిందీ అదేనన్నారు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే ఆమె మీద రాళ్లు రువ్వారు. ఎంత సిగ్గుమాలిన జనం! పాతరల ఊసు ఒక్కడూ ఎత్తలేదు.

ఊరు విడిచి పోతూ ఆమె నా బండి దగ్గర ఆగింది. నుదుటి మీద నెత్తురు.

"నా నడక బాగా పట్టినావురా. జొన్నలు యాడ ఉండాయో నీకు తెలుసు గదా?"

"తెలుసవ్వా."

"మరి అది ఆడించలేదేందిరా?"

 ఆమె పెన్న ఏటి దాకా కూడా పోలేక దారిలోనే పడి ప్రాణం విడిచిందని తర్వాత విన్నాను. రాళ్లు రువ్విన ఇళ్లలోనూ బిడ్డలు ఆకలితో పోయారు. పాతరలు మాత్రం తెరుచుకోలేదు.

ఇప్పుడు ఆ పెద్దమనిషిని ధర్మాత్ముడంటారు. నన్ను గురువును మించినవాడంటారు. వింటుంటే ఒళ్లు మండుతుంది. వాళ్ల మీదా, నా మీదా. దేంట్లో మించాను?

క్షమించమని ఎవరినీ అడగను. అడగవలసిన మనిషి లేదు. నాంచారమ్మ చెప్పింది నిజం. నేను ఆడించింది అబద్ధం. ఈ రెండు మాటలు ఇన్నాళ్లకు నోరు దాటాయి.