అత్తమ్మ ముడుల తాడు

మా ఆయనకు టేకులపల్లి నుంచి భద్రాచలానికి బదిలీ అయిన ఎండాకాలం అది. కరెంటు ఆఫీసు ఉద్యోగం, పొమ్మంటే పోవాల్సిందే. సామాను సర్దడమంటే నాకు మహా చిరాకు. అందులోనూ వంటిల్లు! బీరువాను నలుగురు పట్టుకుంటే కదులుతుంది. వంటింట్లో మాత్రం తీసిన కొద్దీ గిన్నెలు పుట్టుకొస్తూనే ఉంటాయి. కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు, పాత పేపర్లు తెచ్చి ముందేసుకుని కూర్చున్నాను.

మా అత్తమ్మ గోడ పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. అప్పటికి ఆమెకు చూపు పూర్తిగా పోయింది. నీటికాసులని, పోయిన చూపు ఇక రాదని ఖమ్మం దవాఖానాలో చెప్పేశారు. అయినా మా ఇంట్లో వంట ఆమెదే. చూపు తగ్గుతూ వస్తున్నప్పుడే ఆ వంటింటిని చేతుల్లోకి ఎక్కించుకుంది. ఉప్పు, పసుపు, పోపు గరిటె, ఏది కావాలన్నా చెయ్యి చాపితే అందేది. నేను కూరగాయలు తరిగి ఇచ్చేదాన్ని, అంతే.

కాగితం చప్పుడు విని, "ఏందే కోడలా గిది? గిన్నెలకు పేపరు చదివిస్తున్నవా?" అంది.

"పగలకుండ చుడుతున్న అత్తమ్మా."

"చుట్టుడు కాదు, నింపాలె. ఖాళీ గిన్నె కొత్తింటి గడప దాటొద్దు బిడ్డా. ఆకలిని ఎంటబెట్టుకపోయినట్టైతది."

ఇక నన్ను పక్కకు జరిపి మొదలుపెట్టింది. బిందెలో బియ్యం పోసి, ఆ బియ్యంలో గాజు గ్లాసులు నిలబెట్టి, గ్లాసుల్లో పెసలు పోసింది. కుక్కర్లో కందిపప్పు, ఆ పప్పులో పోపు డబ్బా. కొత్త ఆవకాయ జాడీని వెదురుగంపలో కూర్చోబెట్టి, చుట్టూ ఎండు ఇప్పపువ్వు కూరింది. పక్క గూడెం ఆడవాళ్ళు తెచ్చిచ్చిన పువ్వు అది, ఇల్లంతా తియ్యటి వాసన. టీ గిన్నెలో కూడా పిడికెడు మినుములు పోస్తే గానీ ఊరుకోలేదు. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను. సగం గది నిండిన సామాను నాలుగైదు పెద్ద గిన్నెల్లోకి దిగిపోయింది. నా అట్టపెట్టెలు మూలకు పడ్డాయి.

ఆమె అంత పట్టుగా చేయడానికి కారణం నాకు తెలుసు. ముందురోజు మా ఆయన నన్ను పెరట్లోకి పిలిచి, "అక్కడ అమ్మను పొయ్యి కాడికి రానియ్యకు. ఇది అలవాటైన ఇల్లు. కొత్తచోట కొంగుకు మంట అంటుకుంటే ఏం గావాలె?" అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు పాపం. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడ అవతల అత్తమ్మే ఉంది. ఆమె కొడుకును ఒక్క మాటా అనలేదు. నన్ను మాత్రం అడిగింది: "వండకుంటే నేనేం జెయ్యాలె బిడ్డా? ఎవరన్న ఇంత పెడ్తరా అని మూలకు కూసోవాల్నా?"

అరల మీద డబ్బాలు తీసే ముందు పాత నూలుచీర చింపి తాడు పేనింది. ఒక కొసను పొయ్యి కాలికి కట్టి, అర పొడుగునా లాగి, డబ్బా ఉన్న చోటల్లా ముడి వేసింది. ఉప్పుకు ఒంటి ముడి, కారానికి జంట ముడి, పసుపు దగ్గర ముడిలో ఒక పసుపు కొమ్ము.

"ఏందత్తమ్మా ఇది?"

"నా వంటిల్లు. దీన్ని లారీల ఎయ్యకు, నా కాడనే ఉంటది" అని నడుముకు చుట్టుకుంది.

భద్రాచలంలో ఇల్లు చేరగానే ముందు వంటిల్లు చూశాను. పాత వంటింట్లో పొయ్యికి కుడివైపున అర. ఇక్కడ పొయ్యి గట్టు కుడిగోడకు ఆనుకుని ఉంది, అరంతా ఎడమకు. "చూసినవా, అంతా ఉల్టా. నువ్వు హాల్ల కూసో అమ్మా" అన్నాడు మా ఆయన.

పాలు పొయ్యి మీద పెట్టాం. సిలిండర్ ఎక్కడుండాలో ఇద్దరం వాదులాడుకుంటున్నాం. హాల్లోంచి కేక, "పొంగుతాంది, సూడుర్రి!" తిరిగి చూస్తే అప్పుడే నురుగు అంచుకు లేస్తోంది. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

ఆ సందులో ఆమె లోపలికి వచ్చేసింది. పొయ్యి ఆర్పేసి ఉందో లేదో అడిగి, నడుముకున్న తాడు విప్పి దాని కాలికి కట్టి, కుడివైపుకు లాగింది. చెయ్యి గోడకు కొట్టుకుంది. మళ్ళీ తడిమింది. మళ్ళీ గోడే.

"ఓసినీ! ఈ ఇల్లు పుర్రచేతిదే!" అని పకపకా నవ్వింది. "కానీ, మనం గూడ ఎడమచేత్తోనే వండుదాం."

తాడు ఎడమకు సాగింది. ముడి ముడికీ నాచేత డబ్బా పెట్టించింది. బియ్యంలోంచి గ్లాసులు తీశాను, ఒక్కటి పగల్లేదు. జాడీ నుంచి నూనె చుక్క కారలేదు. ఆ పూట మామిడికాయ పప్పు. అలవాటు లేని చేత్తో గరిటె తడబడింది, ఆవాలు సగం గట్టు మీదే పడ్డాయి, వేలు ఒకసారి చురుక్కుమంది. నేను పక్కనే చేతులు చాపి నిలబడ్డాను.

"జర జరుగు, నా ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్" అంది.

ఏమనాలి ఆ మనిషిని! దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. ఆమెకు తెలియదు.

మా ఆయన పప్పు కలుపుకుని తిన్నాడు. మారు వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఆఫీసు సంచిలోంచి సుత్తి, మేకులు తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. అత్తమ్మ లేచి నిలబడింది. తాడు పీకేస్తాడేమోనని నాకు కోపం పొంగుకొచ్చింది.

"పొయ్యికి కడితే కాలిపోద్దమ్మా" అంటూ గోడకు మేకు కొట్టి, తాడు విప్పి దానికి కట్టాడు. రెండో కొసకు ఇంకో మేకు. తల్లి చెయ్యి పట్టుకుని తాడు మీద పెట్టి, "ఎత్తు సరిపోయిందా?" అని అడిగాడు.

ఆమె ముడి ముడీ తడుముకుంటూ చివరిదాకా పోయి వచ్చింది.

"జర కిందికి కొట్టు కొడుకా, పొట్టిదాన్ని."

ఆయన మేకులు పీకి, మళ్ళీ కొట్టాడు.