చెరగని పలక

మా నాయన మార్కాపురంలో రాతిపలకలు కోసేవాడు. అందుకేనేమో, నన్నెవరన్నా పలకరిస్తే చాలు, పడిపోయేవాణ్ణి. గిద్దలూరు బళ్లో నేను కొత్తగా అయివారినైన ఏడాది కరువు. అప్పుడొకాయన ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకొని వచ్చినాడు.

"మా అక్క బిడ్డ అయివారూ. అక్కాబావా పోయినారు. దీనికి మాటలు రావు. గుంటూర్లో మూగబడి ఉందంట, చేర్పిస్తా. రైల్లో తప్పిపోతే చూసినోళ్లకు తెలిసేట్టు ఒక పలక మీద రాసియ్యండి."

చదువు కోసం వచ్చిన మనిషి! బూరె మాదిరి పొంగిపోయినాను. బలపంతో రాస్తే చెరిగిపోతుంది గదా అని, పలకలోళ్ల తెలివి చూపిస్తూ నాయన ఉలి మొనతో చెక్కినాను: 'మూగపిల్ల. తల్లీతండ్రీ లేరు. దయచూడండి.' చివరి మాట ఆయన అడగలేదు, నా సొంత కవిత్వం. నా దస్తూరి ముత్యాలని పేరు. ఆ ముత్యాలను పిల్ల మెడలో నేనే తాడు కట్టి వేసినాను.

ఆర్నెల్లకు పరీక్షకని గుంటూరు పోయినా. స్టేషన్లో అడుక్కునే పిల్లల్లో ఒకదాని మెడలో నా ముత్యాలు.

దగ్గరికి పోయి "పాపా!" అని గట్టిగా పిలిచినా. "మెల్లగ, అయివారూ," అంది ఆ పిల్ల, పెదాలు కదిలీ కదలక. "వాడు మా మామ కాదు. మాట్లాడితే వాత పెడతాడు. మాయమ్మ రాచర్లలో ఉంది. నీ రాత ఎంత రుద్దినా పోవడంల్యా."

పోలీసును పిలుచుకొచ్చినా. "ఏమ్మా, మాటలొచ్చా?" అన్నాడాయన. పిల్ల నా వెనక్కి చూసింది. అక్కడ వాడు బీడీ కాలుస్తా నిలబడినాడు. పిల్ల నోరు తెరవలేదు.

"మూగదని ఇంత బాగా రాసుంటే, మాట్లాడిందంటావేంటి?"

"ఆ రాసింది నేనే!"

"రాసిందీ నువ్వే, కాదనేదీ నువ్వే. ముందు ఒక మాట మీద ఉండవయ్యా మేష్టారూ."

నేను వాని దిక్కు చెయ్యి చూపించేలోపల ప్లాట్‌ఫారం మీది రైలు కదిలింది. వాడూ లేడు, పిల్లా లేదు.

పరీక్ష వదిలేసి రాచర్ల పోయినా. సంగతి చెప్పగానే ముగ్గురు తల్లులు పరుగెత్తుకొచ్చినారు. ముగ్గురి కూతుళ్లూ బడికనే పోయినారంట, ఆ మనిషి వెంటే.

"మా పిల్లేనా నాయనా? పేరేం చెప్పింది?"

నేను అడగలేదు.

"పోనీ, ఎట్లుంది పిల్ల? నల్లగానా? మూతి మీద మచ్చుందా?"

నేను కళ్లు మూసుకొని గుర్తు తెచ్చుకోబోయినాను. అక్షరాలే కనపడినాయి.