గుంపులో చేరని పెంకు

మా చోళపురం చేలలో వాన వెలిసినప్పుడల్లా పాత కుండపెంకులు బయటపడతాయి. నా పరిశోధన వాటి మీదే. ఒక్కో పెంకు మందం, అంచు వంపు, బొక్క ఉంటే దాని వెడల్పు కొలిచి కంప్యూటర్లో ఎక్కిస్తాను. కొలతలు దగ్గరగా ఉన్నవాటిని అది ఒక గుంపుగా చేరుస్తుంది. ఒక్కో గుంపూ ఒక్కో రకం కుండ.

అందులో ఒక గుంపు నాచేత గంతులు వేయించింది. పలచని పెంకులు, అన్నిటికీ బయటినుంచి పొడిచిన బొక్కలు. ఈ రకం గురించి ఎవరూ రాయలేదు. ఇక నా డాక్టరేటు ఖాయం అనుకున్నాను. ఒక్క పెంకు మాత్రం ఆ గుంపులో చేరనని మొండికేసింది. దాని మీద రెండు బొక్కలు దాదాపు ఆనుకుని ఉన్నాయి. లెక్క ఎన్ని విధాల వేసినా అది దూరంగా, ఒంటరిగా నిలబడేది. దిక్కుమాలిన పెంకు అని తిట్టుకునేవాణ్ణి. అబద్ధమెందుకు, దాన్ని పట్టుకుంటే పట్టపగలే భయమేసేది. ఎడమ భుజం మీద చల్లగా ఏదో కారినట్టుండేది. తడుముకుంటే పొడిగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం మా చిన్నాయన వచ్చాడు. నాన్న గదిలో నేలంతా పరిచిన పెంకులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇవి యాడ ఏరుకొచ్చినావురా?”

“వంక పక్క చేలో, చిన్నాయనా.”

“అయ్యో పాపీ! ఆ వంకనీళ్ళు సుడుగాడు మీదగా కదరా వచ్చేది! చచ్చినోళ్ళ చుట్టూ నీళ్ళతో తిప్పి పగలగొట్టిన కుండలురా ఇవి. ఇంట్లోకి తెచ్చి పెట్టినావే!”

నా కొత్త రకం అక్కడే గల్లంతైంది. సిగ్గుతో పెంకులు ఏరుతుంటే, చిన్నాయన ఆ ఒంటరి పెంకు తీసుకుని బొక్కల మీద వేలు పెట్టాడు.

“ఇది నేను పొడిచిందిరా. మూడో చుట్టుకు కత్తి జారె, మూడో బొక్క రెండోదాని పక్కనే పడె. నీళ్ళన్నీ నీ మీదే పోయె. మరిచినావా?”

మరవలేదు. రెండేళ్ల కిందట నాన్న చితి చుట్టూ ఆ కుండ ఎడమ భుజాన మోసింది నేనే. వెనక్కి పడేసి, తిరిగి చూడకుండా వచ్చేసింది నేనే. ఆర్నెల్లుగా దాన్నే చేతిలో పెట్టుకుని దిక్కుమాలినదని తిట్టాను.

సాయంత్రం పెంకులన్నీ మూటగట్టి సుడుగాట్లో దించాం.

“తిరిగి చూడొద్దురా అప్పా,” అన్నాడు చిన్నాయన, ఆ రోజు అన్నట్టే.

నాలుగడుగులు వేశాక భుజం చల్లబడింది. తడుముకున్నాను. ఈసారి చెయ్యి తడిసింది.

నాన్నా అంటూ తిరిగి చూశాను.