వాన పడదని చెప్పిన రాత్రి

నమ్మితే నమ్మండి, లేదంటే లేదు. తినే అన్నం మీద ఒట్టు, ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు.

మాది కోదాడ. పోయిన యాసంగి కోతలప్పుడు ఒక వాతావరణ ఉపగ్రహాన్ని హైదరాబాద్ నుంచి సముద్రం ఒడ్డున రాకెట్ ఎగరేసే చోటికి తీసుకెళ్లాం. పెద్ద ట్రైలర్ మీద ఏసీ పెట్టె, లోపల ఉపగ్రహం. కుదుపు తగలకూడదు. దారిలో ఆగకూడదు. ముందు జీపులో నేను... దారి ఖాళీ చేయించడం నా పని. వెనక ట్రైలర్ నడిపేది సూర్యాపేట యాదగిరి. ఇద్దరికీ చెరో వాకీటాకీ.

రాత్రి పదకొండు. వేములపల్లి దాటగానే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. చుట్టూ రాళ్లు. కాపలాకు ఒక ముసలాయన, ఒక్కడే. నేను గబగబా రాళ్లు జరిపాను. ఆయన వడ్లు పక్కకు నెట్టాడు.

"ఏం బండి బిడ్డా అది?"

"వాన సంగతి చెప్పే యంత్రాన్ని తీసుకెళ్తున్నాం తాతా."

"గట్లనా. మరి జర చెప్పు, ఇయ్యాల పడ్తదా? కుప్ప జేసి పట్టా కప్పాల్నా?"

అర్ధరాత్రి దాటాక వాన ఉందని నా ఫోన్‌కు అప్పటికే మెసేజ్ వచ్చింది. కానీ ఆ మాట అంటే నన్నూ ఓ చెయ్యి వేయమంటాడు. వెనక ట్రైలర్ లైట్లు కనిపిస్తున్నాయి.

"పడదులే తాతా. పడుకో," అన్నాను.

నమ్మాడు. తువ్వాల తలకింద పెట్టుకుని ఒరిగాడు.

మిర్యాలగూడ దాటాక చినుకులు... ఆ వెంటనే కుండపోత. అప్పుడు వాకీటాకీలో మొదలైంది. సర్ర్... సర్ర్... సర్ర్... ఆగింది. మళ్లీ సర్ర్... సర్ర్... మా వైపు చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు అదేమిటో. ఆరబోసిన వడ్లను కాళ్లతో తిరగేసే చప్పుడు.

"యాదగిరన్నా, ఏంటా చప్పుడు?"

"నేను బటనే ఒత్తలే తమ్మి. నాగ్గూడ ఇనవడ్తున్నది."

చప్పుడు ఆగింది. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు... ఇక ఆ తాత గొంతే 'ఇయ్యాల పడ్తదా' అని అడుగుతుంది అనిపించింది. సెట్ ఆపేశాను. ఆపేసినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజు తిరిగొస్తూ ఆ తాత వడ్ల దగ్గర ఆగాను. ఆయన ఉన్నాడు. ఒక చిన్న కుప్ప, దాని పక్కన మొలకలొచ్చిన వడ్లు. తప్పు ఒప్పుకుందామనే దిగాను. నేను నోరు తెరవకముందే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రాత్రి నువ్వు మళ్లొచ్చి లేపకుంటే అంత ఖతమయ్యేది బిడ్డా. పట్టా ఆ కొస నువ్వు పట్టబట్టే సగమన్న దక్కినయ్."

నేను వెళ్లలేదు. అప్పటికి వాడపల్లి వంతెన మీద ఉన్నాను, దానికి యాదగిరి సాక్షి. ఆ కొస ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు... అది నేను కాదని ఆయనకు చెప్పలేకపోయాను. చాయ్ పోయిస్తే తాగి వచ్చాను.