ఆమెన్ రాని ఆదివారం

మొన్న ఆదివారం మహబూబ్‌నగర్‌లో మేం వెళ్లే చర్చిలో దేశం కోసం చేసే ప్రార్థనను తెర మీద వేశారు. పెద్ద పెద్ద అక్షరాలు, వెనక ఎగురుతున్న జెండా. శత్రువులను అణచమని, మనకు విజయం ఇమ్మని అందరం చూసి చదివాం. నా ఒడిలో ఉన్న నాలుగేళ్ల కొడుకు చదువు రాకపోయినా చివర్లో అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు. పక్కనున్నావిడ ముచ్చటపడి వాడి బుగ్గ గిల్లింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. వాడు దేనికి సరేనన్నాడో వాడికి తెలియదు. మా అవ్వ అయితే తెలుసుకోకుండా ఒక్క ఆమెన్ కూడా అనేది కాదు.

అవ్వ అంటే మా బాపును కన్నతల్లి, నాకు నానమ్మ. తిరుమలగిరి దగ్గరి మా ఊరి చర్చిలో ఒక పద్ధతి ఉండేది. మిగతా ప్రార్థనలన్నీ అయ్యగారివి, అంటే పాస్టరుగారివి. దేశం కోసం చేసేది మాత్రం సైన్యంలో కొడుకున్న తల్లిది. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పని అవ్వదే, ఎందుకంటే ఆమె చిన్నకొడుకు, మా చిన్నాయిన, సైన్యంలో చేరి సరిహద్దులో ఉండేవాడు. ముసుగు సర్దుకుని, మోకాళ్లు పట్టుకుని చాప మీద నుంచి లేచేది. ఢిల్లీలో కూర్చున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టి, ముఖ్యమంత్రిని, కలెక్టరును దాటుకుంటూ, మా ఊరి దగ్గర బస్సు ఆపని డ్రైవరు దాకా వచ్చేది. "గాయినకు జర కండ్లు తెరువు తండ్రీ" అనగానే పిల్లలం నోరు మూసుకుని నవ్వేవాళ్లం. ఆఖరి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. "గీ దిక్కు నిలవడ్డ నా కొడుకును కాపాడు. గా దిక్కు నిలవడ్డ ఆమె కొడుకును గూడ కాపాడు. ఇద్దర్ని ఇండ్లకు తోలు తండ్రీ."

"ఆమె ఎవలే అవ్వా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "నాకేమెరుక బిడ్డా. నా అసొంటిదే ఒకామె" అంది.

నేను డిగ్రీలో ఉండగా సరిహద్దులో గొడవలు ముదిరాయి. టీవీ పెడితే అరుపులే. ఆ ఏడే మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. చెడ్డవాడు కాదు, జ్వరమొస్తే ఇంటింటికీ వచ్చి చూసి పోయేవాడు. భయం మాత్రం ఎక్కువ. అవ్వ ప్రార్థనను ఎవరో ఫోనులో తీసి ఊరంతా పంపారు. చర్చిలో శత్రువుల కోసం మొక్కుతున్నారన్న మాట పుట్టింది. మర్నాడు అయ్యగారు మా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, చాయ్ చేతిలో పట్టుకుని నెమ్మదిగా అన్నాడు.

"అవ్వా, రోజులు మంచిగ లేవు. ఆ ఆఖరి మాట ఒక్కటి ఇడిచిపెట్టు. మనకు గూడ దేశభక్తి ఉన్నదని సూపెట్టుకోవాలె గద."

"సూపెట్టుకునుడేంది అయ్యగారూ? కొడుకునిచ్చిన. ఇంకేమియ్యాలె?"

"నాకెరుకనే. బయటోళ్లకు ఎరుకుండొద్దా?"

"ప్రార్థన బయటోళ్లకు చేస్తున్నమా, దేవునికి చేస్తున్నమా?"

అయ్యగారు చాయ్ తాగి లేచాడు. "అయితే గీ ఆదివారం నేనే చేస్త" అని గడప దాటాడు. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. చిన్నాయిన ఫోను వచ్చి అప్పటికి చాలా రోజులైంది. కొడుకు కోసం ఆమె చేయగలిగింది ఆ ఒక్క ప్రార్థనే. అదీ లాక్కున్నారు.

ఆ ఆదివారం వేదిక ముందు జెండా కట్టారు, పిల్లల చేతులకు మూడు రంగుల పట్టీలు వేశారు, వీడియో తీసి అందరికీ పంపడానికి ఫోను ఒకటి నిలబెట్టారు. అయ్యగారు బాగానే ప్రార్థించాడు. శత్రువును మట్టిలో కలపమన్నాడు, వాడి ఇల్లు పాడుచేయమన్నాడు. చివర్లో "ఆమెన్" అని ఆగాడు. ఆడవాళ్ల వైపు నుంచి చప్పుడు లేదు. మగవాళ్లలో ఒకరిద్దరు మొదలుపెట్టి మింగేశారు. ఆయన మళ్లీ "ఆమెన్" అన్నాడు. అప్పుడు, కోళ్ల విషయంలో అవ్వతో రోజూ తగవులాడే పక్కింటావిడ, కూర్చున్నచోటు నుంచే గొంతెత్తింది.

"అయ్యగారూ, మా ముసల్ది లేవనే లేదు. ప్రార్థన ఇంకా కాలే."

ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ లేచింది. ఢిల్లీ, కలెక్టరు, బస్సు డ్రైవరు, ఇద్దరు తల్లుల కొడుకులు, ఎవరినీ వదల్లేదు. పైగా ఒకటి కలిపింది. "మా అయ్యగారి గుండెల భయం తీసెయ్యి తండ్రీ." అప్పుడు వచ్చిన ఆమెన్‌కు రేకుల మీది పిచ్చుకలు లేచిపోయాయి.

కథ అక్కడ ఆగితే బాగుండేది. కొద్ది రోజులకే అయ్యగారు పై చర్చి పెద్దల నుంచి ఆదేశం తెచ్చుకున్నాడు. ఇకపై సంఘంలోవాళ్లు సొంతంగా ప్రార్థించకూడదట, అచ్చువేసి ఇచ్చిందే చదవాలట. పక్కింటావిడా, ఇంకొందరూ వెళ్లి పోట్లాడారు. అయ్యగారు నేల చూపులు చూశాడు గాని మాట మార్చలేదు. గుంటెడు భూమి లేని ఇల్లు మాది. అందులోంచి దేశానికి ఒక మనిషిని ఇచ్చాం. ఇచ్చాక కూడా రుజువు అడిగారు. బయటివాళ్లు అడిగితే తలుపు వేసుకునేవాళ్లం. అడిగింది మా చేత మోకరింపజేసే మనిషి. తల్లి నోటి నుంచి ఇంకొక తల్లిని కొట్టేయడం ఏం భక్తి? దేవుడి మీదా, దేశం మీదా? నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అవ్వ చర్చి మానలేదు. ప్రతి ఆదివారం అదే చాప మీద కూర్చుంది. అచ్చువేసిన ప్రార్థనకు మాత్రం పోయేదాకా ఆమెన్ అనలేదు. చిన్నాయిన నౌకరీ అయిపోయి ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు అతని తల సగం నెరిసింది. అవతలి వైపు తుపాకీ పట్టుకుని నిలబడినవాడు బతికి ఇల్లు చేరి ఉంటే, ఈపాటికి అతని తలా నెరిసే ఉంటుంది.