కోనికల్ కింది నల్లా

మా తమ్ముడు గల్ఫ్‌లో పాల ఫ్యాక్టరీ ట్యాంకులకు వెల్డింగ్ చేసేవాడు. నడుము పాడై తిరిగొచ్చాడు. హైదరాబాద్‌లో సొంతంగా బీరు తయారుచేసే ఒక హోటల్లో ట్యాంకులు కడిగే పనికి చేరి, చూసి చూసి ఆ విద్య నేర్చుకున్నాడు. ఆ హోటలు మూతపడింది. ఇంకో హోటలు యజమాని, నీ చేత్తో చేసిన బీరు తెచ్చి చూపించు, నచ్చితే తీసుకుంటా అని ఒక గురువారం రమ్మన్నాడు. లేకపోతే మళ్లీ గల్ఫే. ఆ నడుముతో అక్కడ ఇంకో ఎండాకాలం గడపలేడని ఇంట్లో అందరికీ తెలుసు.

మెట్‌పల్లిలో మా బాపు మరమగ్గాలు నడిపిన గది ఖాళీగా ఉంది. చలికాలం అది చల్లగా ఉంటుంది. తమ్ముడు తాను స్వయంగా అతికించుకున్న కోనికల్‌ను, అంటే బీరు పులియబెట్టే పాత్రను, అక్కడ నిలబెట్టాడు. మూడు కాళ్ల స్టీలు డ్రమ్ము, అడుగు గరాటులా సన్నబడుతుంది. పని ముగించిన ఈస్ట్ ఆ గరాటు మొనలోకి దిగుతుంది. కింది పెద్ద నల్లా తిప్పి దాన్ని తీసేయాలి. రుచి చూడడానికి పక్కన చిన్న నల్లా. మూత నుంచి ఒక గొట్టం, స్టూలు మీద బకెట్ నీళ్లలో మునిగి ఉంటుంది. లోపలి గాలి బుడగలుగా బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. ఇంట్లో బీరు చేయడం చట్టం ఒప్పదని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. మాకు ఇంకో దారి కనిపించలేదు.

మొదటి రోజే మా అవ్వ, అంటే అమ్మ, ఆ గది గడప దగ్గర నిలబడింది.

"మొదటి చెంబు పోశమ్మకు సాక పొయ్యాలె కొడుకా." అమ్మవారి రాయి ముందు కల్లో సారో ధారపోయడమే సాక.

తమ్ముడు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "రాయి బీరు తాగుతదా అవ్వా? తాగితే ఒంటికి యాడికి పోతది?"

ఇరవై ఏళ్లు సభల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడినవాణ్ణి. ఈస్ట్ అంటే ఏమిటో, పులియడం అంటే ఏమిటో నిలబెట్టి చెప్పాను.

"నీతోని ఎవలు గెలుస్తరు," అని అవ్వ వెళ్లిపోయింది. గెలిచాననే అనుకున్నాను.

పదో రోజు తమ్ముడు సీసాల కోసం నిర్మల్ వెళ్లాడు. డ్రమ్ము నాకు అప్పజెప్పాడు. నేను ముందు గదిలో వ్యాసం దిద్దుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం లోపలికి వెళ్తే బకెట్‌లో నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. ఆవిరై ఉంటాయనుకుని చెంబెడు పోశాను. ప్రతిదానికీ కారణం అడగమని లోకానికి చెప్పేవాణ్ణి, ఆ పూట అడగలేదు.

బుధవారం తమ్ముడు పక్క నల్లా కింద గ్లాసు పట్టాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా ఉమ్మేశాడు.

"పుల్లగైంది."

బీరుకని తెచ్చిన మాల్ట్ గింజంతా ఆ డ్రమ్ములోనే ఉంది. మళ్లీ చేయడానికి సరుకూ లేదు, రోజులూ లేవు.

అవ్వ తలుపు పట్టుకుని చెప్పింది. "నువ్వు నిర్మల్ పోయిన్నాడు నేనే సాకకు చెంబెడు వట్టిన. కింది నల్ల తిప్పిన, గదే పెద్దగ ఉండె. అన్న నవ్వుతడని చెప్పలే."

కింద చెంబెడు ఖాళీ అయితే పైన ఆ చోటు నిండాలి. గొట్టం బకెట్‌లోని మురికి నీళ్లను పీల్చుకుంది. పాడుచేసింది ఆ నీళ్లే.

తమ్ముడు నావైపు తిరిగాడు. "నువ్వు నవ్వకపోతే అవ్వ నన్నే అడుగుతుండె అన్నా. గొట్టం నీళ్లల్లకెల్లి తీసి, గిలాసెడు నేనే వట్టిస్తుంటి."

రాయి తాగదన్నది ఇప్పటికీ నిజమే. కానీ అవ్వను ఆ గదిలోకి దొంగలా పంపింది నా నవ్వు.

"పోశమ్మకు కోపమొచ్చిందా కొడుకా?" అని అవ్వ నన్ను అడిగింది.

"కాదవ్వా, గొట్టంలకెల్లి నీళ్లు..."

"గొట్టం ముచ్చట నాకెందుకు. వాడు పోకుండ ఏమన్న ఉంటే చెప్పు."



తమ్ముడు యజమానికి ఫోన్ చేసి ఇంకో నెల గడువు అడిగాడు. ఆయన వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. తమ్ముడు ఆ ఫోన్‌తోనే వీసా ఏజెంటుకు కలిపాడు. పాస్‌పోర్టు తెమ్మన్నారు. అది బీరువాలో ఉంది. తాళం అవ్వ కొంగుకు ముడివేసి ఉంది. ఎంత అడిగినా ఇవ్వడం లేదు.

"నీకు మాట్లాడొస్తది గద అన్నా, నువ్వే అడుగు," అన్నాడు తమ్ముడు.

వెళ్లాను. అవ్వ గోడకు ఒరిగి, కొంగు ముడిని గుప్పిట్లో బిగించుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చున్నాను. "అవ్వా" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు.