పసుపు గీత కవరు

ఆమె చేతులు విమానం కుడి ఇంజన్ పొట్ట కింద ఉన్నాయి. అయస్కాంతపు ప్లగ్గు తుడిచి, కొత్త రబ్బరు రింగు తొడిగి, బిగించింది. ఆయిల్‌లో ఇనుప రజను కొట్టుకొస్తే పట్టేది ఆ ప్లగ్గే. ఆయిల్ బయటికి పోకుండా ఆపేది ఆ రింగే. స్పానర్ టిక్కుమన్నాక, రింగు వచ్చిన ఖాళీ కవరు చూసుకుంది.

దాని మీద పసుపు గీత ఉంది.

ఈ ఇంజన్‌కి నీలం గీత రావాలి.

ఈ రకం పెద్ద విమానం కొనేవాళ్లు రెండు కంపెనీల ఇంజన్లలో ఏదైనా ఎంచుకోవచ్చు. ఈ ఎయిర్‌లైన్ వాళ్లు మొదటి ఆరు విమానాలకు ఒక కంపెనీవి తీసుకున్నారు. తర్వాత వచ్చిన పెద్దలకు ఇంకో కంపెనీవి నచ్చాయి, అయిదింటికి అవి. విమానం ఒకటే, రంగు ఒకటే. ఎంచుకున్నది మీటింగు గదిలో. గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం చేతులు. పొద్దున ఆమె రెండో రకం ఇంజన్లున్న విమానం మీద పనిచేసింది. మిగిలిన పసుపు గీత కవర్లు జేబులో ఉండిపోయాయి. రింగుల మధ్య తేడా వెంట్రుకవాసి.

హ్యాంగర్‌లో అందరూ ఆమెను రెండుసార్లక్క అంటారు, దేన్నైనా రెండుసార్లు చూడందే వదలదని. కుట్టుమిషన్లు బాగుచేసే తండ్రి దగ్గర పదేళ్లప్పుడే స్క్రూడ్రైవర్ పట్టింది. ఇక్కడ పందొమ్మిదేళ్లు, ఒక్క మచ్చ లేదు. అసలు ఒక విమానం ఇంజన్లు రెండింటినీ ఒకే చెయ్యి ముట్టకూడదు. ఒకరి పొరపాటు రెండింట్లోనూ దూరకూడదని ఆ కట్టుబాటు. ఇవాళ ఎడమ ఇంజన్ చూసేవాడు జ్వరంతో రాలేదు. రెండూ ఆమే చేసింది.

పరుగెత్తి ఎడమ ఇంజన్ పక్కనున్న చెత్తడబ్బా నేల మీద కుమ్మరించింది. నూనె గుడ్డల మధ్య కవరు దొరికింది. అదీ పసుపే.

నడిసముద్రం మీద ఇంజన్లు రెండూ ఒకేసారి ఎండిపోవడం కళ్లకు కట్టింది. టెర్మినల్ అద్దాల అవతల మూడువందల మంది ప్రయాణికులు సంచులు సర్దుకుంటున్నారు. ‘చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?’ అని లోపల ఒక గొంతు అంది. ఆ గొంతుకే ఆమె ఎక్కువ భయపడింది.

“ఏంటమ్మాయ్, చెత్తలో లంకెబిందెలు దొరికాయా?” వెనకనుంచి సూపర్‌వైజర్.

“రెండింటికీ వేరే ఇంజన్ రింగులు వేశాను, అన్నా.”

అతని నవ్వు ఆగిపోయింది. “కారుతోందా?”

“ఇప్పుడు లేదు. పైకెళ్లి వేడెక్కాక కారుతుంది.”

“నీ ముద్ర లాగేసుకుంటారు, తెలుసా?” పని ముగించి వేసే నంబరు ముద్ర అది. అది లేనివాళ్లను స్పానర్ ముట్టనివ్వరు.

“తెలుసు. ముందు ప్లగ్గులు విప్పాలి.”

అతను విమానం వైపు చూశాడు. “మనిషి లేడని రెండూ నీ నెత్తిన పెట్టింది నేనేగా. ఎడమది నాకొదిలెయ్. దాని జోలికి రాకు. చెమట తుడుచుకో, స్పానర్ జారుతుంది.”

విమానం ఆలస్యమని ఫోన్ చేసి, స్టోర్స్ నుంచి నీలం గీత కవర్లు తెచ్చాడు. చింపేముందు ఒకరి కవరు మీది నంబరు ఇంకొకరు పైకి చదివారు. ప్లగ్గులు బిగించాక ఇంజన్లు తిప్పి, ఆపి, తెల్లగుడ్డతో తుడిచారు. గుడ్డ తెల్లగానే వచ్చింది. ఆమె మళ్లీ తుడిచింది.

లాగ్‌బుక్‌లో రాసింది: ‘రెండు ఇంజన్లకూ నేను తప్పు రింగులు వేశాను. మార్చాం.’ కింద ముద్ర వేసింది.

విమానం నడపబోయే కెప్టెన్ వచ్చి, లాగ్‌బుక్ చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగాడు. “మళ్లీ చూశారా?”

“రెండుసార్లు.”

అతను సంతకం పెట్టి, పుస్తకం తీసుకుని మెట్లెక్కాడు. ఆమె తన ముద్రను గుడ్డతో తుడిచి సూపర్‌వైజర్ చేతిలో పెట్టింది.